గారు లేని పేరు

జూలై 8

అమ్మ ఆఖరి రోజుల్లో ఆమె మంచంకోడు పట్టుకుని గోపాలం ఒక మాట ఇచ్చాడు. ఇంటి వెనక చేను తవ్వనని. "అన్నయ్యగారు ఉన్నన్నాళ్లూ అది వరిచేనేనమ్మా, ఆయన కిటికీలోంచి పచ్చగా కనపడాలి" అన్నాడు. అమ్మ కళ్లు మూసుకుంది. దినాలు కాగానే పొక్లెయిన్ వచ్చింది. అప్పటినుంచి నా కిటికీలోంచి కనపడేది రొయ్యల చెరువు. రేయింబవళ్లు ఏరియేటర్లు నీళ్లను చిలుకుతూ ఉంటాయి. ఉప్పుగాలికి నా పుస్తకాల అట్టలు ఊడిపోయాయి. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. మాట తప్పిన ప్రభువుల గురించి నాకు తెలిసినంత ఈ జిల్లాలో ఎవరికీ తెలియదు. వాళ్లందరినీ నాకు అర్థం చేయించినవాడు నా సొంత తమ్ముడు గోపాలరాజు.

ఇవాళ గదికొచ్చాడు. "అన్నయ్యగారూ, మాణిక్యానికి మోకాళ్లు బాగోలేదండి. ఇకనించి పాపతో డయాలసిస్‌కి మీరెళ్లాలి. మీకేం పనుందండి, పుస్తకాలేగా. అక్కడ ఏసీలో కూచుని చదూకోవచ్చు" అన్నాడు.

పాప అంటే మనవరాలు ప్రణతి. పదిహేడేళ్లు. తల్లీతండ్రీ కారుతో సహా కాలవలో పడి పోయారు; దాన్నీ, దాని అన్న వంశీనీ పెంచింది గోపాలం, అతని భార్య రత్నమాణిక్యం. పోయినేడు పిల్ల కాలేజీ మెట్ల మీద పడిపోతే చూపించారు. రెండు కిడ్నీలూ ఎండిపోయాయన్నారు. వంశీ కిడ్నీ సరిపోయింది. సెప్టెంబరులో వైజాగ్‌లో ఆపరేషన్. అందాకా మంగళ, శుక్రవారాలు భీమవరంలో మిషన్ మీద రక్తం కడిగించుకోవాలి. లేకపోతే చస్తుంది.

వెళ్లాను. ఏసీ పనిచెయ్యడం లేదు.

జూలై 11

ప్రణతి మంచం పక్కన ఒక కుర్రాడి మంచం. పేరు దుర్గాసాయి. పద్దెనిమిది ఉంటాయేమో. నరసాపురంలో పంటు మీద ఏరు దాటి బస్సెక్కి వస్తాడు. అవతల ఒడ్డున సముద్రం పక్క పల్లె. తండ్రి వేటకెళ్లి తిరిగి రాలేదు. తల్లి వీరవేణి ఎండుచేపలు అమ్ముతుంది. ఆమె కుర్చీ నా కుర్చీ పక్కనే. నా కుర్చీ కొంచెం జరుపుకున్నాను. ఆమె చూసింది.

"వాసనొస్తందాండి? పొద్దున్నే సరుకు దించేనండి. మీరు చేపలు తినరా ఏంటండి?"

"తింటాను."

"మరి తిన్నప్పుడు రాదాండి వాసన?"

నర్సుతో సహా గదంతా నవ్వింది. నవ్వినవాళ్లలో ప్రణతి కూడా ఉంది. చాలా రోజులకి నవ్వింది కాబట్టి ఊరుకున్నాను.

ఇద్దరికీ ఎడంచేతికి, మోచేతి కింద, నరాలు కలిపి కుట్టారు. మిషన్ సూదులు గుచ్చేది అక్కడే. ఆ చోట తాడులా ఉబ్బి ఉంటుంది. వేలు పెడితే లోపల రక్తం గుర్రుమని పరిగెత్తడం తెలుస్తుంది. ఆ రొద ఆగితే చెయ్యి పోయినట్టే, మిషన్‌కి దారి మూసుకున్నట్టే. అందుకే నిద్ర లేవగానే ముందు వేలు పెట్టి చూసుకోమంటారు. ఆ కుర్రాడు దానికి ఇంజనని పేరు పెట్టాడు.

"ప్రణతి గారూ, ఇంజనాడతందాండి?"

"ఆడుతోంది. నీది?"

"నాది డీజిలండి. పొగ కూడా వస్తాది."

జూలై 15

వాళ్లు నీళ్లు కొలుచుకుని తాగాలి. "సముద్రం పక్కన పుట్టినోణ్నండి, నాకు టీకప్పుతో కొలిచి పోస్తన్నారు" అన్నాడు కుర్రాడు. నర్సు ఇద్దరికీ చెరో ఐసుముక్క ఇచ్చింది. ప్రణతి తన ముక్క సగం కరగనిచ్చి, మిగతాది అతని చేతిలో పెట్టింది. నీళ్ల కోసం సైన్యాలు ఒకరినొకరు నరుక్కున్న సంగతులు చదివాను. ఇలాంటిది చదివిన గుర్తు లేదు.

జూలై 21

చెరువు కంచెకి కరెంటు పెట్టారు. ఒక కుక్క దానికి తగిలి చచ్చింది. వంశీ కాలితో కాలవలోకి నెట్టాడు. ఆ కాలికి కొత్త బూటు ఉంది. బూటు గడ్డికి తుడుచుకుని టిఫినుకి వెళ్లాడు.

జూలై 29

"గారూ గీరూ ఏంటి నీకు? పేరు పెట్టి పిలువు" అంటోంది ప్రణతి.

"అమ్మో. మీరు రాజులండి. మీ ఇళ్లల్లో పిల్లిని కూడా గారూ అనాలంట కదండి."

"అవును. మా పిల్లి బుజ్జిగారు. ఇందాక ఎలకగారిని తిన్నారు."

కుర్రాడు నవ్వు ఆపుకోలేక సూది కదిలించుకున్నాడు. మిషన్ కూసింది. నర్సు వచ్చి ఇద్దర్నీ తిట్టింది.

మా ఇళ్లలో ఆ మాట నిజమే. నలుగురిలో పసిపిల్లల్ని కూడా మీరు అంటాం. గోపాలం తన ట్రాక్టరు డ్రైవరుని కొట్టేటప్పుడు కూడా "ఏవండీ, బుద్ధుందాండీ" అంటూ కొడతాడు. చెంప వాస్తుంది, మర్యాద చెడదు.

నర్సు వెళ్లాక ప్రణతి వంగి, అతని చేతి మీద చెవి పెట్టింది. చాలాసేపు అలాగే ఉంది. అతను గోడకేసి చూస్తున్నాడు. వీరవేణి కూడా గోడకేసే చూసింది. నేను పేజీ తిప్పాను.

ఆగస్టు 1

ఇవాళ గారు పోయింది.

మిషన్ మీద ఉండగా ప్రణతికి బీపీ పడిపోయింది. కళ్లు పైకి తేలిపోయాయి. పెదవులు బూడిదరంగుకి తిరిగాయి. నర్సు సెలైన్ కోసం పరిగెత్తింది. నేను లేచి నిలబడ్డాను, ఏం చెయ్యాలో తోచలేదు. పక్కమంచం మీదినుంచి ఆ కుర్రాడు, చేతిలో సూదులు ఉండగానే సగం లేచి అరిచాడు. "ప్రణతీ! ప్రణతీ, ఇటు చూడు! నన్ను చూడు! ఇంజనాపకు!"

పిల్ల కళ్లు తిప్పి అతన్నే చూసింది.

తర్వాత అంతా కుదుటపడింది. కానీ ఆ రెండక్షరాలూ తిరిగి రాలేదు. వెళ్లేటప్పుడు కూడా "ప్రణతీ, వస్తానే" అన్నాడు. అది తలూపింది. ఇంటికొచ్చేదాకా కారు అద్దంలోంచి బయటికి చూస్తూ తనలో తనే నవ్వుకుంది.

ఆ గదిలో మందుల ఘాటు ఎక్కువ. ఇంకా కళ్లు మండుతున్నాయి.

ఆగస్టు 5

భీమవరం నుంచి వచ్చేసరికి నా పుస్తకాలు వరండాలో కుప్ప. నా గది నిండా రొయ్యల మేత బస్తాలు. రాత్రి వాన పడి గోదాము కారిందట. వరండా కారదా? అడుగున ఉన్నవి ముద్దయిపోయాయి. నలభై ఏళ్లు కూడబెట్టుకున్నవి.

"ఎండేస్తే ఆరతాయండి" అన్నాడు గోపాలం, పనివాళ్ల ముందు. "ఆరకపోతే గట్టు కోసుకున్నచోట వేయించేద్దాం. అలాగైనా పనికొస్తాయి." పనివాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు. నవ్వకుండా అన్నాడు, అదీ అతని పద్ధతి.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. గోపాలం, నేను. రత్నమాణిక్యం వడ్డిస్తోంది. వంశీ చెరువు మీద ఉన్నాడు. నేను అన్నది ఒక్క మాట.

"మీ మనవరాలిని డయాలసిస్‌లో ఒక చేపలవాళ్ల కుర్రాడు పేరు పెట్టి పిలుస్తున్నాడు. గారు లేదు."

ప్రేమ అనలేదు. చెవి పెట్టి వినడం చెప్పలేదు. వ్యాకరణం మాత్రమే చెప్పాను.

గోపాలం చెయ్యి అన్నంలో ఆగిపోయింది. ఇరవై ఏళ్లుగా అతని ముఖంలో నేను చూడాలనుకున్నది ఇవాళ చూశాను. దాచుకోను, నాకు అన్నం రుచిగా ఉంది.

మాణిక్యం గరిటె కింద పెట్టింది. "పిల్లలండి బావగారూ. ఆ గదిలో ఒకళ్లకొకళ్లు తోడు. ఈ మాట ఇక్కడే వదిలెయ్యండి మీకు పుణ్యముంటుంది" అంది. తర్వాత వంశీకి కారియర్ సర్దుకుని, కుంటుకుంటూ చెరువు దగ్గరికి వెళ్లింది. గోపాలం చెయ్యి కడుక్కుని ఫోను పట్టుకుని పెరట్లోకి నడిచాడు.

ఆగస్టు 6

వంశీ నా గదికొచ్చాడు. బస్తా మీద కూర్చున్నాడు.

"పెద్దతాతగారూ, తాతయ్యగారు ఫోన్ చేసి చెప్పారు. నిజమేనాండి?"

"ఏది?"

"ఆడిది ఏ ఊరండి?"

చెప్పలేదు. నేనేమైనా చాడీలు చెప్పేవాణ్నా? నరసాపురం బస్సులో దిగుతాడని మాత్రం అన్నాను. ఆ బస్సులో ఎందరో దిగుతారు.

ఆగస్టు 8

వరలక్ష్మీవ్రతం. పొద్దున్నే మాణిక్యం ప్రణతికి తోరం కట్టింది. కుడిచేతికి కట్టింది, ఎడంచేతికి ఏదీ బిగించకూడదు.

మా కారు సెంటర్ దగ్గర ఆగేసరికి వంశీ బండి గేటు పక్కనే ఉంది. చెరువు పనివాళ్లు ఇద్దరు ఉన్నారు. దుర్గాసాయి, వీరవేణి బస్సు దిగి రోడ్డు దాటుతున్నారు. కుర్రాడు మా కారు చూసి చెయ్యి ఊపాడు. ఊపిన చెయ్యే వంశీ పట్టుకున్నాడు.

"ఏంట్రా, పేరు పెట్టి పిలుస్తావంట? పిలువు. ఇప్పుడు పిలువు."

"ఎవరండీ మీరు?"

"గారూ అను. నూరుసార్లు అను."

కుర్రాడు నవ్వబోయాడు. ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాడు కాబోలు. గుద్దు నోటి మీద పడింది. ముందుపళ్లు విరిగి పెదవిలోంచి బయటికొచ్చాయి. మోకాళ్ల మీద కూలబడి, "ప్రణతి గారు" అన్నాడు. రక్తంతో పాటు అన్నాడు. "ప్రణతి గారు, ప్రణతి గారు" అని అంటూనే ఉన్నాడు. పనివాడు వీపు మీద తన్నుతున్నాడు, ఇతను అంటున్నాడు. వీరవేణి వంశీ కాళ్లు చుట్టేసింది. "అనేడు కదండి బాబూ! అనేడు కదండి! ఇనపడ్లేదాండి!" వంశీ ఆమెను మోకాలితో తోసేశాడు. ఆమె నుదురు గేటు ఊచకి కొట్టుకుంది.

"ఎడంచెయ్యి పట్టుకోండ్రా" అన్నాడు.

చేతిని గేటు ముందున్న మురుగుకాలవ సిమెంటు అంచుకి అడ్డంగా పెట్టారు. ఏరియేటరు రాడ్డు బండికే కట్టి ఉంది. మొదటి దెబ్బకి ఎముక విరిగింది. ఆ చప్పుడు మూసిన అద్దాల్లోంచి నాకు వినపడింది. రెండో దెబ్బకి ఆ ఉబ్బిన నరం పగిలింది. రక్తం వంశీ చొక్కా మీదికి, మెడ మీదికి, గేటు మీదికి చిమ్మింది. మూడోది కొట్టకుండానే అతను వెనక్కి తగ్గాడు. అంత రక్తం ఉంటుందని అనుకోలేదేమో. వీరవేణి చీర చుట్టి రెండు చేతులతో అదిమి పట్టుకుంది. "డాక్టరుగారండీ" అని అరుస్తోంది. కాపలావాడు గేటు వేసేశాడు.

మా కారు తలుపులు డ్రైవరు అబ్బులు లాక్ చేశాడు. అబ్బాయిగారు ముందే చెప్పారట. ప్రణతి నుదుటితో అద్దాన్ని కొట్టింది. కొడుతూనే ఉంది. నేను దాని ఎడంచెయ్యి దేనికీ తగలకుండా గట్టిగా పట్టుకున్నాను. ఆ మాత్రం జాగ్రత్త నాకు తెలుసు.

ఆగస్టు 9

నేను అన్నది ఒక్క మాట. ఫోన్ చేసింది గోపాలం.

ఆగస్టు 12

దుర్గాసాయి బతికాడు. చెయ్యి పోయింది. మెడలోకి పైపు దింపి మిషన్ ఎక్కిస్తున్నారట, వేరే రోజుల్లో. స్టేషన్‌కి వెళ్లబోతుంటే వీరవేణిని గోపాలం మనుషులు బస్టాండులోనే ఆపి, పంటు దాకా దిగబెట్టి వచ్చారు.

ప్రణతి ఇవాళ అందరి ముందూ అంది. "వంశీ కిడ్నీ నాకొద్దు."

"ఏంటమ్మా ఆ మాటలు" అన్నాడు గోపాలం.

"ఆ చేత్తో సాయి చెయ్యి విరిచాడు. ఆ ఒంట్లో ముక్క నా ఒంట్లో పెట్టకండి."

వంశీ ముఖం పాలిపోయింది. "నీకోసం సిగరెట్ మానేశానే. మందు మానేశాను. టెస్టులని చెప్పి ఒళ్లంతా సూదులు పొడిపించుకున్నాను. ఎవడిస్తాడే నీకు? ఆడిస్తాడా?"

"ఆడు కాదు. సాయి గారు. అను. నూరుసార్లు అను."

వంశీ చెయ్యెత్తాడు. ముందు కొట్టింది గోపాలం. పిల్ల డైనింగ్ టేబుల్ మీద పడింది, పెదవి చిట్లింది. "చస్తావండీ! తీసుకోకపోతే చస్తావండీ!" అంటూ మళ్లీ కొట్టబోతే మాణిక్యం అడ్డం పడింది. "దానికి రక్తం ఆగదండీ! ఆ మందులకి ఆగదు! కొట్టాలంటే నన్ను కొట్టండి!" కొట్టాడు. ఆమె చెవిపోగు తెగి దూరంగా పడింది.

నేను గుమ్మంలో ఉన్నాను. మోకాళ్లు పనిచెయ్యవని ఆస్పత్రికి రాని మనిషి అంత వేగంగా ఎలా లేచిందో.

ఆగస్టు 15

మిషన్ ఎక్కనంది. మాణిక్యం గడప దగ్గర కూర్చుని ఏడిస్తే ఎక్కింది. పక్క మంచం ఖాళీ.

దిగాక నాతో, "పెద్దతాతగారూ, ఒకసారి వెళ్లి చూసి రండి. మిమ్మల్ని ఎవరూ ఆపరు" అంది. నన్ను ఈ ఇంట్లో ఎవరూ దేనికీ ఆపరు. ఆపేటంత విలువ ఎవరి దగ్గరుంది నాకు.

ఆగస్టు 17

నరసాపురంలో పంటు దాటి ఆటోలో వెళ్లాను. తాటాకు కప్పిన వంట చావడి, వెనక సిమెంటు గది. ఆ గదిలో నులకమంచం మీద దుర్గాసాయి. మెడ పక్కన గుడ్డ, దానిలోంచి రెండు గొట్టాలు. పళ్లు లేకపోవడం వల్ల మాట గాలిగా వస్తోంది.

"నర్సమ్మ చెప్పిందండి, ఆవిడ ఆపరేషన్ చేయించుకోనంటందంట కదండి?"

"అవును."

"తీసుకోమనండి. నా చేతికీ ఆ కిడ్నీకీ లంకె పెట్టొద్దనండి. ఆళ్లన్న మీద కోపముంటే బతికి తిట్టమనండి. సచ్చిపోతే ఏం తిడతాదండి?" మెడ మీది గుడ్డ సర్దుకుని, "గారూ అన్నానని చెప్పకండేం. భయపడి అన్నాననుకుంటాది. దెబ్బలకి నోట్లో ఏది తిరిగితే అదొచ్చిందండి" అన్నాడు.

వీరవేణి టీ ఇచ్చింది. నా ముఖం చూడలేదు.

ఆటో దాకా సాగనంపడానికి ఆమె తమ్ముడు బుల్లియ్య వచ్చాడు. వల లాగిలాగి అరచేతులు కాయలు కాచిన మనిషి. లోపల మేం మాట్లాడుకున్నది అతను వినలేదు. కిడ్నీ సంగతి ఏదీ అతనికి తెలియదు.

"తన్నినోడు మీ తమ్ముడిగారి మనవడేనంట కదండి. ఎక్కడ దొరుకుతాడండి ఆయన?"

చెప్పలేదు. తెల్లారగానే ఒక్కడే చెరువు గట్టు మీద మేత పళ్లాలు ఎత్తి చూసుకుంటాడని, ఆ వేళ పనివాళ్లు ఉండరని మాటల్లో వచ్చింది. మాటల్లో ఎన్నో వస్తాయి.

ఆగస్టు 20

ప్రణతి ఒప్పుకుంది. సాయి చెప్పాడని ఒప్పుకుంది. వంశీ ఎదురుగా నిలబడి, "నీ కిడ్నీ తీసుకుంటాను. నీతో మాత్రం మాట్లాడను" అంది.

"మాట్లాడొద్దులే. బతుకు" అన్నాడు వంశీ. పెరట్లోకి వెళ్లి బావి పంపు వదిలి, ఆ చప్పుడులో ఏడ్చాడు. నా కిటికీలోంచి కనపడింది.

రాత్రి ఇంట్లో అందరూ భోజనం చేశారు.

ఆగస్టు 24

తెల్లవారింది. కిటికీ దగ్గర ఉన్నాను. గట్టు మీద వంశీ పళ్లెం ఎత్తి చూస్తున్నాడు. కాలవవైపు నుంచి బుల్లియ్య, ఇంకో ఇద్దరు ఎక్కారు. చేతుల్లో పడవ తోసే గెడలు.

అరవాలనుకున్నాను. ఏరియేటర్ల రొదలో ఎవరికి వినపడుతుంది?

మొదటి గెడ మోకాళ్ల వెనక పడింది. వంశీ బోర్లా పడ్డాడు. "మావోడి చెయ్యి తీసేవు" అన్నాడు బుల్లియ్య. కొట్టేవాళ్లు మాట్లాడేటప్పుడు గొంతు ఎంత మామూలుగా ఉంటుందో. "నీ చెయ్యి మాకెందుకురా. నడుం కావాలి. ఇంకెప్పుడూ ఎవణ్నీ వొంగి కొట్టకూడదు నువ్వు."

దెబ్బలు తినే మనిషి ఎవడైనా తల కాచుకుంటాడు. వంశీ తల వదిలేశాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టి నడుం కాచుకున్నాడు. గెడ ముఖం మీద పడింది, దవడ పక్కకి తిరిగింది. చేతులు తియ్యలేదు. వేళ్ల మీద కొట్టారు. వేళ్లు వంకరలు పోయాయి. తియ్యలేదు. ఒకడు మెడ మీద కాలు వేసి తొక్కి, ఇంకొకడు చేతులు లాగేశాడు. అప్పుడు బుల్లియ్య గెడ రెండు చేతులతో ఎత్తి, పక్కటెముకల కింద దించాడు. మళ్లీ దించాడు.

ప్రణతి ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చింది. చెప్పుల్లేవు. బురదలో పడి లేచి వచ్చింది.

"నడుం మీద కొట్టకండీ! అది నాదండీ! అది నాదీ!"

బుల్లియ్యకి అర్థం కాలేదు. పిచ్చిదనుకున్నాడు. పిల్ల వచ్చి వంశీ వీపు మీద బోర్లా పడేదాకా ఆగలేదు.

"ఏంటి నీది? ఎవత్తివి నువ్వు?"

"వాడి కిడ్నీ. నాకివ్వబోతున్నాడు. సాయి తీసుకోమన్నాడు. సాయే తీసుకోమన్నాడండీ!"

బుల్లియ్య గెడ వదిలేశాడు. అది దొర్లి చెరువులో పడింది. గట్టు మీద కూలబడి, రెండు చేతులతో తన ముఖం తనే కొట్టుకున్నాడు. పనివాళ్లు వచ్చి పట్టుకునేదాకా పారిపోలేదు. పట్టుకున్నాక వాళ్లు చేసింది రాయను.

ఆగస్టు 27

వంశీకి చితికిన కిడ్నీ తీసేశారు. రెండోది అతనికే కావాలి. మూత్రంలో ఇంకా రక్తం పడుతోంది. బతుకుతాడట. బుల్లియ్య జైల్లో ఉన్నాడు.

గోపాలం ఆస్పత్రి వరండాలో నేల మీద కూర్చున్నాడు. కుర్చీ చూపిస్తే వినలేదు. నేను దీన్ని కోరుకున్నానా అంటే, లేదు. నేను కోరుకున్నది అన్నంలో ఆగిన చెయ్యి ఒక్కటే.

ఆగస్టు 30

మాణిక్యం నా గదికొచ్చింది. కోడలిగా వచ్చాక మొదటిసారి నా ఎదుట కూర్చుని మాట్లాడింది.

"బావగారూ, ఆ మాట అక్కడే వదిలెయ్యమన్నానండి. విన్నారా? వంశీకి బస్సు సంగతి చెప్పారు. మీరు పంటు దాటి వెళ్లొచ్చారు. వారానికి ఆళ్లు సరిగ్గా ఆ వేళకే వచ్చారు. నేను ఎవరితోనూ అనలేదు. అననండి. కానీ నాకు తెలుసని మీకు తెలియాలి."

తెగిన చెవికి ఇంకా దూది ఉంది. లేచి వెళ్లింది.

అక్షరం రాని మనిషి నాకు నీతి చెప్పి వెళ్లింది. ఆ మధ్యాహ్నం కారియర్ పట్టుకుని చెరువు దగ్గరికి వెళ్లింది ఎవరు? వంశీతో ఏం మాట్లాడింది? అది ఎవరూ అడగరు.

సెప్టెంబరు 5

దుర్గాసాయి పోయాడు. మెడలో పైపు దగ్గర చీము పట్టి, జ్వరం వచ్చి, రక్తమంతా విషమైందట. బుధవారం పోతే ఇవాళ నర్సు చెప్పింది. ప్రణతి మిషన్ మీద ఉంది. ఏడవలేదు. నర్సు వేసిన ప్లాస్టర్లు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టింది. ఒక సూది లాగేసింది, రెండోది లాగేలోపు నలుగురం పట్టుకున్నాం. దుప్పటి తడిసింది.

సద్దుమణిగాక చూస్తే వీరవేణి తన కుర్చీలో కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో.

"బస్సెక్కేసేనండి. ఇయ్యాల శుక్రవారం కదాండి" అంది. తర్వాత లేచి ప్రణతి దగ్గరికెళ్లింది. "ఆడు తీసుకోమన్నాడు కదమ్మా. ఎవరిస్తే ఆళ్లది తీసుకో" అంది.

ప్రణతి చెయ్యి చాపింది. నర్సు మళ్లీ సూది పెట్టింది.

సెప్టెంబరు 14

మాణిక్యం ఎవరికీ చెప్పకుండా పరీక్షలు చేయించుకుంది. అరవై దాటాయి కానీ షుగర్ లేదు, బీపీ లేదు. మోకాళ్లు తప్ప మనిషి గట్టిది. సరిపోతుందన్నారు. ఇంకెవరూ లేరు, గోపాలం గుండెకి స్టెంట్లు ఉన్నాయి. ఇంట్లో అందరూ ఆమెను దేవతలా చూస్తున్నారు. ఇవాళ గోపాలం ఆమెకి కంచం తెచ్చి ఇచ్చాడు. ప్రణతి ఆమె ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయింది.

కారియర్ పట్టుకెళ్లింది ఆవిడే. నేను వంశీతో అనలేదు. నేను అన్నం దగ్గర అన్నాను.

సెప్టెంబరు 19

రేపు వైజాగ్ ప్రయాణం. సూట్‌కేసులు హాల్లో ఉన్నాయి.

సాయంత్రం ప్రణతి వచ్చి మేత బస్తా మీద కూర్చుంది. ముఖం ఉబ్బి ఉంది, కాళ్లకి నీరు. ఈ వారం మిషన్ సరిగా పడలేదు. డాక్టరు ఇంక ఆలస్యం చెయ్యొద్దన్నాడు.

"పెద్దతాతగారూ, ఒకటి అడుగుతాను. సాయి నన్ను పేరు పెట్టి పిలిచాడని వంశీకి ఎవరు చెప్పారు?"

"ఇప్పుడెందుకమ్మా?"

"వంశీని అడిగితే దవడకి తీగలు కట్టారు, మాట్లాడలేడు. తాతయ్యగారు అడిగితే ఏడుస్తారు. ఆ గదిలో మన ఇంటివాళ్లు మీరొక్కరే. మీరు కాదు కదండి?"

"నేను ఆ రోజు వంశీతో మాట్లాడటం నువ్వు చూశావా?"

"లేదండి."

"నేను అన్నం దగ్గర ఏదో నవ్వులాటకి అన్నాను. వంశీ అక్కడ లేడు. చెరువు మీద ఉన్నాడు. ఆ మధ్యాహ్నం చెరువు దగ్గరికి ఎవరు వెళ్లారో అబ్బులుని అడుగు."

"నాన్నమ్మగారు" అంది. "కారియర్ ఇచ్చారు."

నేను ఏమీ అనలేదు. తల కూడా ఊపలేదు.

బస్తా పట్టుకుని మెల్లగా లేచింది. గుమ్మం దగ్గర ఆగి, గోడకి ఆనుకుని ఊపిరి తీసుకుంది. హాల్లోకి వెళ్లింది. మాణిక్యం గొంతు "ఏంటమ్మా, ఏమైందమ్మా" అని వినపడింది. ఆ తర్వాత సూట్‌కేసు నేల మీద బోర్లించిన చప్పుడు.

"నీది నాకొద్దు" అంటోంది పిల్ల. "ఎవరిదీ వద్దు. ఎవరూ నన్ను ముట్టుకోకండి."

గోపాలం అరుస్తున్నాడు. ఏదో పగిలింది. మాణిక్యం మాత్రం ఒక్కసారి కూడా నా పేరు ఎత్తలేదు. అననని చెప్పింది కదా, మాట నిలబెట్టుకుంటోంది. గడియ వేసుకుని ఇది రాస్తున్నాను.

నేను ఒక్క అబద్ధం ఆడలేదు. ఆ మధ్యాహ్నం వంశీ దగ్గరికి నడిచి వెళ్లిన మనిషి ఈ ఇంట్లో ఒక్కతే. ఇదంతా ఎవరివల్ల అని ఎవరు నిలదీసినా నా దగ్గర ఇప్పటికీ ఒకే పేరు ఉంది. రత్నమాణిక్యం.